రైట్ అంటే కుడేనా?

ప్రశ్న: మేడమ్, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. మొన్న రాత్రి ఒక యాత్రికుడు ఫోన్ చేసి 'ఐ యామ్ రైట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యువర్ లాడ్జ్' అన్నాడు. రైట్ అన్నాడు కదా అని మా కుర్రాణ్ణి కుడివైపు సందులోకి పంపించాను. వాడు సందు చివరిదాకా పోయి ఎవరూ లేరని తిరిగొచ్చాడు. ఆయనేమో ముసలి తల్లితో, మూడు సూట్‌కేసులతో మా గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. షట్టర్ సగం దించి ఉండటంతో మాకు కనబడలేదు. ఓనరు అందరి ముందూ చీవాట్లు పెట్టారు. రైట్ అంటే కుడి కాదా?
- లాడ్జి ఉద్యోగి, తిరుపతి

జవాబు: నాయనా, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. 'మా గుమ్మం ముందే' అని రాశావు చూడు, ఆ 'ముందే'లో చివరి ఏకారమే ఆయన అన్న రైట్. ఇన్ ఫ్రంట్ ఆఫ్ అంటే ముందు. రైట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ అంటే ముందే. బిహైండ్ అంటే వెనక, రైట్ బిహైండ్ అంటే వెనకే. ఆఫ్టర్ దర్శన్ అంటే దర్శనం అయ్యాక, రైట్ ఆఫ్టర్ దర్శన్ అంటే దర్శనం అవ్వగానే. ఈ ఆఖరిదాంట్లో కుడిచేతికి పనేముంది చెప్పు?

కుడి అని చెప్పాలంటే 'ఆన్ ద రైట్', 'టు ద రైట్', 'ఆన్ యువర్ రైట్' అంటారు. లేదంటే 'టర్న్ రైట్' అంటారు. చిక్కంతా ఇక్కడే. 'టర్న్ రైట్ ఎట్ ద సిగ్నల్' అంటే సిగ్నల్ దగ్గర కుడికి తిరగమని. 'ద షాప్ ఈజ్ రైట్ ఎట్ ద సిగ్నల్' అంటే షాపు సరిగ్గా సిగ్నల్ దగ్గరే ఉందని. మొదటిదాంట్లో రైట్ చుట్టరికం టర్న్‌తో, రెండోదాంట్లో ఎట్‌తో. అందుకే దారి చెప్పేటప్పుడు ఒకే వాక్యంలో రెండు రకాల రైట్‌లూ పెట్టకు. 'గో స్ట్రెయిట్ పాస్ట్ ద టెంపుల్. ఇట్ ఈజ్ ఆన్ ద రైట్' అంటే ఎవరైనా వచ్చేస్తారు. మన ఊళ్ళో చాలామంది 'గో టు స్ట్రెయిట్' అంటారు, ఆ టు తీసెయ్.

రైట్ లాగే ముందు నిలబడే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. 'జస్ట్ బిఫోర్ సిక్స్' అంటే ఆరుకి కాస్త ముందు. 'వెల్ బిఫోర్ సిక్స్' అంటే చాలా ముందు. ఈ వెల్‌కి బాగుండటంతో సంబంధం లేదు. చాలా అంటే వెరీ కదా అని 'వెరీ బిఫోర్' అంటే కుదరదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే బోర్డు మీద 'కమ్ వెరీ బిఫోర్ ద ఎగ్జామ్' అని రాశాను. పక్క సెక్షన్ మేడమ్ గుమ్మంలోంచి చూసి, పిల్లలు చూడకుండా చెరిపెయ్యమని సైగ చేసింది. ముప్పయ్యేళ్ళు దాటినా ఆ సుద్దముక్క చప్పుడు గుర్తుంది. 'వెరీ నియర్ ద బస్టాండ్' మాత్రం అనొచ్చు. నియర్ లాంటి ఒకటి రెండు మాటలే వెరీని దగ్గరికి రానిస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. వీడియో కాల్‌లో మనవరాలితో ఇంగ్లీషులో మాట్లాడాలని నా ఆశ. నేను 'కమ్ టు హియర్' అన్నా, 'గ్రాండ్‌పా ఈజ్ ఇన్ అప్‌స్టెయిర్స్' అన్నా ఆ పిల్ల పకపకా నవ్వుతుంది. 'గో టు హోమ్' అన్నా అంతే. 'ఫ్రమ్ అప్‌స్టెయిర్స్' అంటే మాత్రం ఏమీ అనదు. ఏమిటీ లెక్క?
- ఒక నానమ్మ, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ మనవరాలి చెవి గట్టిది. తెలుగులో ఇల్లు, ఇక్కడ, మిద్దె అన్నవాటికి కి తగిలిస్తేగాని కదలం. ఇంటికి పో, ఇక్కడికి రా, మిద్దెపైకి ఎక్కు. ఆ కి మనతో పాటు ఇంగ్లీషులోకి కూడా వచ్చి టు అయి కూర్చుంటుంది. కానీ హోమ్, హియర్, దేర్, అప్‌స్టెయిర్స్, అబ్రాడ్ అనే మాటల్లో కి ముందే కలిసిపోయి ఉంది. ఉప్పు వేసిన పప్పులో మళ్ళీ ఉప్పు వేసినట్టవుతుంది. 'గో హోమ్', 'కమ్ హియర్', 'గ్రాండ్‌పా ఈజ్ అప్‌స్టెయిర్స్', అంతే.

వాటిలో కి ఉంది, చాలావాటిలో లో కూడా ఉంది, నుంచి మాత్రం లేదు. అందుకే నుంచి కావాలంటే బయటినుంచి తెచ్చుకోవాలి: ఫ్రమ్ హియర్, ఫ్రమ్ అప్‌స్టెయిర్స్, ఫ్రమ్ అబ్రాడ్. హోమ్ ఇంకాస్త పేచీకోరు. ఎవరిదో చెప్పారంటే టు తిరిగొస్తుంది: 'గో టు యువర్ గ్రాండ్‌మాస్ హోమ్'. ఇంట్లో ఉన్నాననడానికి 'ఐ యామ్ ఎట్ హోమ్' అనండి. గడపలో అడుగుపెడుతూ 'ఐ యామ్ హోమ్!' అంటే 'వచ్చేశాను' అని కేక వేసినట్టు. ఈసారి తాతగారు మిద్దె దిగొస్తుంటే 'గ్రాండ్‌పా ఈజ్ కమింగ్ డౌన్‌స్టెయిర్స్' అనండి, అక్కడా టు అక్కర్లేదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. గైడ్‌గా పని చేయాలని కోరిక. 'ద జీప్స్ వెయిట్ డౌన్ ఎట్ అలిపిరి' అని రాస్తే మా లెక్చరర్ డౌన్ కొట్టేసి, ఎట్ ఉండగా అదెందుకు అన్నారు. తప్పా?
- విద్యార్థి, చంద్రగిరి

జవాబు: తప్పు కాదు. నేనైతే కొట్టేయను. కొట్టేస్తే వ్యాకరణానికి ఏమీ కాదుగాని బొమ్మ పోతుంది. మనం 'కింద అలిపిరి కాడ', 'పైన కొండమీద', 'బయట వాకిట్లో' అనమా? కింద అనగానే వినేవాడి చూపు కిందికి తిరుగుతుంది, అలిపిరి అనగానే ఒకచోట ఆగుతుంది. ఇంగ్లీషులోనూ అదే వరస. డౌన్ ఎట్ అలిపిరి, అప్ ఆన్ ద హిల్, అవుట్ ఇన్ ద యార్డ్. ముందు దిక్కు, తర్వాత చోటు.

ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. తెలుగు వాక్యాన్ని తిరగేస్తే ఇంగ్లీషు వస్తుందని మేమే క్లాసుల్లో నూరిపోశాం. చాలాచోట్ల నిజమే. 'తిరుపతిలో బస్టాండ్ దగ్గర టీకొట్టులో' అన్నది 'ఎట్ ఎ టీ స్టాల్ నియర్ ద బస్టాండ్ ఇన్ తిరుపతి' అవుతుంది, పూర్తిగా తలకిందులు. ఆ అలవాటుతో పిల్లలు 'ఎట్ అలిపిరి డౌన్' అని రాస్తారు. అప్, డౌన్, అవుట్, ఓవర్, బ్యాక్ లాంటి చిన్న మాట ముందున్నప్పుడు తిరగేయకూడదు, తెలుగు వరసే ఉంచాలి.

ఇంకో సంగతి. డౌన్ అన్నావంటే నువ్వు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నావో కూడా చెప్పేసినట్టే. 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరినవాడికి అలిపిరి డౌన్. ఊళ్ళో బస్టాండ్ దగ్గర ఉన్నవాడు 'అప్ ఎట్ అలిపిరి' అన్నా తప్పు లేదు. గైడ్‌గా యాత్రికుల్ని వెంటబెట్టుకున్నప్పుడు వాళ్ళు ఎక్కడున్నారో చూసుకుని మాట ఎంచుకో. బ్యాక్‌కి కాలంతోనూ పని ఉంది. 'బ్యాక్ ఇన్ 1974, దే ఓపెన్డ్ ద సెకండ్ ఘాట్ రోడ్.' అంతకుముందు బండ్లు ఎక్కడానికీ దిగడానికీ 1944 నాటి ఒక్క ఘాట్ రోడ్డే దిక్కు. 'అప్పట్లో' అనే మన మాటే ఆ బ్యాక్. రాబోయే ఏడాదికి అది పనికిరాదు.

ప్రశ్న: పొద్దున్నే వస్తానని చెప్పడానికి 'ఇన్ ఎర్లీ మార్నింగ్' అనాలా, 'ఎట్ ఎర్లీ మార్నింగ్' అనాలా?
- పాల వ్యాపారి, పుత్తూరు

జవాబు: రెండూ వద్దు. 'ఎర్లీ ఇన్ ద మార్నింగ్' అనండి, లేదా 'ఇన్ ది ఎర్లీ మార్నింగ్' అనండి. రాత్రి పొద్దుపోయాక అనడానికి 'లేట్ ఎట్ నైట్'. తెల్లవారుజామున మూడింటికి పాలు తీసేవాళ్ళకి అది రాత్రో పగలో తేలదుగాని, ఇంగ్లీషు లెక్కలో అది 'త్రీ ఇన్ ద మార్నింగ్'. టుమారో వచ్చిందంటే మాత్రం ఇన్, ఎట్ ఏవీ ఉండవు: 'ఐ విల్ కమ్ ఎర్లీ టుమారో మార్నింగ్.'