మీరడిగారు: తరతరాలూ రాజధానికే ఎందుకు?

ప్రశ్న: మా తాతగారు ప్లీడరు చదువుకని మద్రాసు వెళ్ళారు. నాన్నగారు సచివాలయంలో ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వెళ్ళి, రిటైరయ్యాకే తిరిగొచ్చారు. ఇప్పుడు బీటెక్ అయిన మా అబ్బాయి కూడా హైదరాబాదే అంటున్నాడు. అది మన రాజధాని కూడా కాదు కదా, విశాఖలో ఏం తక్కువ?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముగ్గురూ ఊరు విడిచారు గానీ, వెళ్ళిన పని ఒకటి కాదండీ. తాతగారి రోజుల్లో హైకోర్టు మద్రాసులోనే, పేరున్న లా కాలేజీ మద్రాసులోనే. 1956లో హైదరాబాద్ రాజధాని అయ్యాక ఆఫీసులన్నీ అక్కడికి చేరాయి, నాన్నగారి తరం ఫైళ్ళ వెంట వెళ్ళింది. మీ అబ్బాయికి సచివాలయం ఎటుందో తెలియక్కర్లేదు. అతను దిగేది అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టూ గోడలనిండా కోచింగ్ బోర్డులే, నడుస్తుంటే చేతిలో పాంప్లెట్ పెట్టి పోతారు, హాస్టల్ గదిలో ముగ్గురో నలుగురో ఉంటే అందులో ఒకడు మన ఊరివాడే అయి ఉంటాడు, ముందే ఉద్యోగంలో చేరిన ఆ ఒక్కడు రిఫర్ చేస్తే మిగతావాళ్ళకి ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది. నా దృష్టిలో అసలు లాగేది ఇదే.

రాజధాని అన్న పేరు ఒక్కటే జనాన్ని నిలబెట్టదు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు కర్నూలు రాజధాని, డేరాల్లో కూడా ఆఫీసులు నడిపారు, హైదరాబాద్ రాగానే ఉద్యోగులు సర్దుకుని వెళ్ళిపోయారు. అదే మన సినిమావాళ్ళు మాత్రం, స్టూడియోలూ ల్యాబులూ అక్కడే ఉన్నాయి కాబట్టి, రాజధాని పోయిన తర్వాత కూడా చాలా ఏళ్ళు మద్రాసు వదల్లేదు. వెలగపూడికి ఆఫీసులు వచ్చినప్పుడు కూడా ఎంతోమంది ఉద్యోగులు పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచి వారం చివర రైలెక్కేవారు.

మన విశాఖ సంగతి చూడండి. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డుకు పునాది, 1957లో రిఫైనరీ, తర్వాత స్టీల్ ప్లాంట్. ఏ రాజధానీ లేకుండానే ఊరు నిండింది. మీ గాజువాకలోనే పక్కింటివాళ్ళని సొంతూరు అడగండి, పలాసో, టెక్కలో, పాలకొండో, బొబ్బిలో అంటారు. 2020లో చట్టం చేసి పరిపాలన రాజధాని అన్నారు, మరుసటేడు నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు, ఈ రెంటి మధ్యా ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు జనం మారలేదు.

ఇక్కడ తక్కువేమిటంటారా? రెండో ఉద్యోగం. సాఫ్ట్‌వేర్‌లో మొదటిది రుషికొండలోనూ దొరకొచ్చు, కానీ అది పోతే, లేక జీతం పెరగకపోతే, మరో కంపెనీ కోసం చాలాసార్లు ఊరే మారాలి. హైదరాబాద్‌లో మాదాపూర్‌లో మానేసి గచ్చిబౌలిలో చేరతారు, అద్దె ఇల్లు కూడా మారక్కర్లేదు. మీ అబ్బాయి లెక్క అదే అయి ఉంటుంది, ఆ లెక్క తప్పనను. వెళ్ళనివ్వండి. ఇక్కడి కంపెనీలకూ అప్లై చేసి ఉంచమనండి, నాలుగేళ్ళ అనుభవంతో వచ్చేవాణ్ణి విశాఖలో తీసుకునే తీరు వేరు.