వేగుచుక్కని ‘వట్టి’ అనకు

అమ్మాయీ,

సరిహద్దు ఆకాశంలో వెలుగు చూసి శత్రువనుకున్న పలాస సైనికుడి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. సరిహద్దు చలి బాగా రాశావు. చివరి వాక్యం దగ్గర మాత్రం కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. ‘ఇంతకీ అది వట్టి శుక్రగ్రహమే’ అన్నావు. ఆ ‘వట్టి’ ఎక్కడ నేర్చుకున్నావమ్మా?

లడఖ్‌లో చైనా సరిహద్దునున్న ప్యాంగాంగ్ సరస్సు దగ్గర నిజంగా జరిగిందే నువ్వు తీసుకున్నావు. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా మన సైనికులు ఆకాశంలో అంతుచిక్కని వెలుగుల్ని 329 సార్లు చూసి రాసిపెట్టారు. 155 సార్లు అవి చైనాతో మన వాస్తవాధీన రేఖ దాటాయని లెక్క కట్టారు. చైనా డ్రోన్లేమోనని అనుమానం. చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి ఒకటి గురుడు, రెండోది శుక్రుడు అని తేల్చారు. నువ్వు దీన్ని సైనికుల అమాయకత్వంగా రాశావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

వాళ్లెందుకు పొరబడ్డారో ఆలోచించావా? ఆ ఏడు డిసెంబరు మొదట్లో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. పొద్దు గుంకేసరికి తూర్పున లేచేవాడు. శుక్రుడు తెల్లవారుజామున, అదీ తూర్పునే. అక్కడ తూర్పంటే చైనా వైపు. దాదాపు 14,000 అడుగుల ఎత్తు, పొడిగాలి. చీకట్లో ఒంటరి వెలుగుని అదేపనిగా చూస్తే, కదలనిది కూడా కదిలినట్టే ఉంటుంది. పైగా భూమి తిరుగుడుకి ఆ రెండూ రేఖ దాటి మన నెత్తిమీదికే వస్తాయి. తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడు ఇంకేమనుకోవాలి? నీ కథకి మలుపు కూడా ఇక్కడే ఉంది. గురుడు రోజుకి సుమారు 4 నిమిషాలు ముందుగా లేస్తాడు. ఏ డ్రోనూ నెలల తరబడి ఆ లెక్క పాటించదు.

ఇలాంటిదే ఇంకొకటి. 1966లో అమెరికాలోని మిషిగన్‌లో జనం ఆకాశంలో వెలుగులు చూశారు. అక్కడి వైమానిక దళానికి సలహాదారైన ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్, కొన్ని చిత్తడి నేలల్లో పుట్టే వాయువు వల్ల కావచ్చన్నాడు. చూసినవాళ్లు తమని వెర్రివాళ్లని చేశారని మండిపడ్డారు. అప్పుడు మిషిగన్ ప్రతినిధిగా ఉండి, తర్వాత అధ్యక్షుడైన గెరాల్డ్ ఫోర్డ్, అమెరికా చట్టసభ కాంగ్రెస్ విచారణ జరపాలన్నాడు. కారణం చెప్పేటప్పుడు చూసినవాడి కళ్లని చిన్నబుచ్చకూడదు. కథకుడికి ఇది ప్రాణం.

నా ఇరవై రెండో ఏట కళ్లం కాపలా మీద కథ రాశాను. మా నాన్న వేగుచుక్క పొడుపు చూసి బండి కట్టేవాడు. ఆ చుక్క ఎప్పుడు మాయమవుతుందో, మళ్లీ సాయంత్రప్పూట పడమట ఎలా తేలుతుందో ఆయన చెప్పిందంతా రెండు పేజీలు రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ‘పాఠకుడికి పంచాంగం ఎందుకు’ అని అదంతా కోసేసి, ‘ఆకాశంలో తారలు మిలమిలలాడాయి’ అని తనే అతికించాడు. నలభై ఏళ్లుగా ఆ వాక్యం నా పేరు కిందే ఉంది. కథ అచ్చయిందని నాన్నకి చదివి వినిపించడానికి నాకు మొహం చెల్లలేదు. ఇప్పటి పత్రికలకేమో ముగింపులో రహస్యం మిగలాలట. కారణం దొరికితే కథ చచ్చిపోతుందనే ఈ నమ్మకం మన కథని చాలా పాడుచేసింది.

నీ పలాస కుర్రాడు చిన్నప్పుడు జీడితోటలో ఆ చుక్కని ఎన్నిసార్లు చూసి ఉంటాడు! వాళ్లమ్మ దాన్ని చూసే పొయ్యి రాజేసి ఉంటుంది. అదే చుక్క కొండ మీద లేస్తే శత్రువులా ఎందుకు కనపడింది? ఆ రాత్రిని రాయి. రాసేముందు వారం రోజులు మేడెక్కి, శుక్రుడు ఇప్పుడు ఏ వేళ ఏ దిక్కున ఉన్నాడో నీ కళ్లతో చూసి గడియారంతో సహా రాసుకో. ఆ కాగితం కూడా కథతో పాటు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు