సుత్తి తర్వాత కొనొచ్చు

చి. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. డిసర్టేషన్ కోసం శిలాజాలు ఏరడానికి తమిళనాడులోని అరియలూరు వైపు వెళ్తున్నానని, ఏ సుత్తి కొనమంటావని మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

సుత్తి ఏదైనా ఒకటే. కారై ఊరి దగ్గర నేల మెత్తటి బంకమట్టి. అక్కడ పాత టూత్‌బ్రష్, చిన్న స్క్రూడ్రైవర్ ఎక్కువ పనికొస్తాయి. గట్టి అట్ట నోటుపుస్తకం, పెన్సిళ్లు, పాత పేపర్లు, జిప్ కవర్లు ముందు కొను.

ఎమ్మెస్సీలో నేను మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు సాయంత్రానికల్లా సంచీ నిండిపోయింది. తుపాకీ గుళ్లలాంటి బెలెమ్నైట్‌లు, ఆల్చిప్పలు, చుట్ట తిరిగిన గుల్లతో ఎప్పుడో అంతరించిన సముద్ర జీవి అమ్మోనైట్ ముక్కలు. తిరిగొచ్చి గర్వంగా మా మాస్టారి బల్ల మీద పోశాను. ఆయన ఒకటి తీసి, "ఇదెక్కడిది?" అన్నారు. "కారైదండీ" అన్నా. "కారైలో ఎక్కడిది?" నా నోట మాట లేదు. ఇంకోటి తీశారు, మళ్లీ అదే ప్రశ్న. మూడోది తీయలేదు. సంచీ నా వైపు జరిపి టీకి వెళ్లిపోయారు. ఆ రాళ్లు మీ అమ్మమ్మ చాలా ఏళ్లు తులసికోట చుట్టూ పేర్చుకుంది.

అక్కడ నేలంతా వానకు కోసుకుపోయిన గట్లూ గండ్లూ. ఎండలో అద్దం పెంకుల్లా మెరిసేది జిప్సం, దాని వెంట పరిగెత్తకు. గండి అడుగున దొరికినది పైనున్న ఏ పొర నుంచైనా దొర్లి వచ్చి ఉండొచ్చు. అందుకని పొరలో ఉండగా నువ్వు కళ్లారా చూసి తీసినవి ఒక సంచీలో, నేల మీద ఏరినవి ఇంకో సంచీలో వెయ్యి. ఆ రెండూ కలిశాయంటే నీ ఏడాది కష్టం పోయినట్టే. ఒక్కో అమ్మోనైట్ జాతి బతికింది కొద్దికాలమే, చాలా జాతులు మాత్రం దూరదూర సముద్రాలకు పాకాయి. ఇక్కడ దొరికిన జాతే యూరప్‌లోనూ దొరికితే ఆ రెండు పొరలూ ఇంచుమించు ఒకే కాలానివని చెప్పగలుగుతాం. 1850ల్లో జర్మనీలో ఓపెల్ అనే శాస్త్రవేత్త జురాసిక్ కాలపు రాళ్లను జోన్లుగా, అంటే కాలాన్ని బట్టి వరస భాగాలుగా, విడగొట్టింది ఈ పద్ధతిలోనే. పొర రాసుకోని అమ్మోనైట్ షోకేసులో పెట్టుకోవడానికే.

పొర దగ్గర కూర్చునే అన్నీ రాసుకో. జీపీఎస్ అంకెలతో సరిపెట్టకు. గట్టు అడుగు నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంది, మట్టి రంగేమిటి, గుల్ల ఏ వైపు పడుకుని ఉంది, పక్కన ఇంకేమున్నాయి, ఒక చిన్న బొమ్మ. చీటీ కవరు లోపల పెట్టు. గదికి వచ్చాక రాయి మీద కూడా ఇండియన్ ఇంకుతో నంబరు వెయ్యి. రాత్రి ఎంత నిద్రొచ్చినా ఆ పని మర్నాటికి వాయిదా వెయ్యకు.

రెండోసారి వెళ్లినప్పుడు ఇవన్నీ బుద్ధిగా చేశాను, తొందర మాత్రం తగ్గలేదు. ఒక గట్టి రాతి ముద్దలోంచి అమ్మోనైట్ చుట్ట సగం బయటికి కనిపించింది, అరచేయంత. బస్సు టైమైపోతోంది. ఒక్క దెబ్బ వేశాను. ముద్ద పగలాల్సిన చోట కాకుండా చుట్ట మధ్యగా రెండు ముక్కలైంది. అలాంటిది దొరికితే ముద్దతో సహా పేపర్లో చుట్టి తెచ్చెయ్యి. విడదీయడం లాంప్ కింద, లెన్స్ పెట్టుకుని, సూదితో చేసే పని.

పేరు పెట్టేటప్పుడు పైనున్న గాడులను, బొడిపెలను చూసి నమ్మకు. సంబంధం లేని రెండు వంశాల్లో ఒకే తీరు గాడులు రావచ్చు. పై పెంకు ఊడిన చోట సన్నటి గీతలు కనిపిస్తాయి. లోపలి గదుల గోడలు పెంకుకు అతుక్కున్న చోటు అది, సూచర్ అంటాం. నాటిలస్ అంటే ఇప్పటికీ సముద్రాల్లో బతికున్న వీటి దూరపు చుట్టం. నాటిలస్‌లో ఆ గీత మెల్లగా వంపు తిరుగుతుంది, అంతే. నీకు దొరికే క్రెటేషియస్ (డైనోసార్ల చివరి కాలం) అమ్మోనైట్‌లలో చాలావాటికి కొత్తిమీర ఆకు అంచులా చీలికలు చీలికలుగా ఉంటుంది. గదుల గుండా పోయే సన్నటి గొట్టం కూడా చూడు. నాటిలస్‌కు గోడల మధ్య భాగం గుండా పోతుంది, వీటికి బయటి అంచున. రాయి కాస్త తడిపి, వాలుగా లైటు వేసి, సూచర్‌ను చేత్తో గియ్యి. ఫోన్ ఫొటో ఎంత బాగున్నా గీసేటప్పుడే కన్ను ఆగుతుంది.

పాత పుస్తకాలు తప్పదు. అక్కడి శిలాజాలను స్టోలిచ్కా అనే శాస్త్రవేత్త 1860ల్లోనే జియోలాజికల్ సర్వే తరఫున వర్ణించాడు. మొరావియాలో పుట్టి, 24 ఏళ్లకు కలకత్తా వచ్చి, 36 నిండగానే 1874లో లడఖ్ కొండల్లో పోయాడు. ఆయన వేయించిన బొమ్మలు చూస్తే నీకు నీ బొమ్మల మీద సిగ్గేస్తుంది, వెయ్యాలి కూడా. కాకపోతే ఆయన చాలావాటికి ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు పెట్టాడు, 'అమ్మోనైటిస్' అని. తర్వాతివాళ్లు వాటిని బోలెడు ప్రజాతులుగా విడదీశారు. ఆ పాత పేరు నీ పట్టికలోకి యథాతథంగా ఎక్కించకు.

మన దగ్గర ఇవి లేవా అని మీ నాన్న అడిగారట. ఉన్నాయి. ఒంగోలు వైపు బూదవాడ, వేమవరం, గోదావరి వైపు రాఘవాపురం పొరల్లో అమ్మోనైట్ ముద్రలు దొరికాయి. కారై వాటికంటే పాతవి. ఒక జాతికి బూదవాడ పేరే పెట్టారు, పాస్కోయైటిస్ బుదవాడెన్సిస్. కానీ అవి ఎక్కువగా నలిగి అప్పడంలా అయిన అచ్చులు, సూచర్ నేర్చుకోవడానికి పనికిరావు. ఇంట్లో మొదటిది చూడాలంటే అమ్మమ్మ పూజ గదిలోనే ఉంది. గండకీ నది సాలగ్రామంలో చక్రం అంటామే, అది చాలావాటిలో అమ్మోనైట్ చుట్టే. నేను లెన్స్ తీసుకెళ్లి గాడులు లెక్కపెడుతుంటే అమ్మ, "స్నానం చేసే ముట్టుకున్నావా?" అంది. చేయలేదు.

సున్నపురాయి గనుల్లోకి రాతపూర్వకంగా అనుమతి లేకుండా అడుగుపెట్టకు. పొలం అయితే రైతును అడుగు. రెండు తమిళం ముక్కలు నేర్చుకుని వెళ్లు, మేకలు కాసేవాళ్లకు ఏ గట్టు కొత్తగా విరిగిందో తెలుస్తుంది. పిల్లలు శిలాజాలు తెచ్చి ఇస్తే డబ్బివ్వకు, రేపు గట్టంతా తవ్వేస్తారు. మూడు లీటర్ల నీళ్లు, టోపీ. వానలు తగ్గిన వెంటనే వెళ్లు, కొత్తవి బయటపడి ఉంటాయి.

ఇంకొకటి. తెచ్చినవాటిని మెరిసేలా కడిగెయ్యకు, గుల్ల లోపలి మట్టి కొంచెం అలాగే ఉంచు. నేను పగలగొట్టిన ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. చీటీని చెదలు తినేశాయి. అవి ఏ గట్టువో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. కానీ చుట్ట మధ్యలోని బొడ్డు దగ్గర గోరంత మట్టి మిగిలింది. అత్తయ్యతో డబ్బా పంపిస్తున్నాను. మీ డిపార్ట్‌మెంట్‌లో ఫొరామినిఫెరా (సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు) చూసేవాళ్లెవరైనా ఉంటే ఆ మట్టి నానబెట్టి వడకట్టి, మైక్రోస్కోప్ కింద చూడమను. ఏ పొరదో తేలితే నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే.

ఇట్లు,
మావయ్య