ఒత్తిడిని ఇష్టంగా స్వీకరించడం సాధ్యమేనా? మిరప పూత రాలిన ఏడాది నాకు తెలిసినది

హన్మకొండలో గది తీసుకొని మూడేళ్లుగా పోటీ పరీక్షలకు చదువుతున్నాననీ, రెండుసార్లు కొద్ది మార్కుల తేడాతో ఉద్యోగం చేజారిందనీ, "కష్టాన్ని నవ్వుతూ స్వీకరించు" అని ఎవరైనా చెబితే చిరాకు పుడుతోందనీ మీరు రాశారు, ఒత్తిడిని ఇష్టంగా స్వీకరించడం అసలు సాధ్యమేనా అని అడిగారు. ఆ చిరాకు న్యాయమైనదే. మేము అప్పుల్లో ఉన్నప్పుడు ఇదే మాట చెప్పిన ఒక బంధువుతో నేను ఆరు నెలలు మాట్లాడలేదు. అయినా మీ ప్రశ్నకు నా జవాబు "సాధ్యమే" అన్నదే. కాకపోతే, కష్టం వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే అలజడిని స్వీకరించడం వరకే నాకు తెలుసు. కష్టాన్ని ఇష్టపడటం ఇప్పటికీ నాకు చేతకాదు.

2021 వానాకాలంలో నర్సంపేట వైపు ఉన్న మా ఊళ్లో, సొంతానికి ఉన్న ఎకరానికి తోడు మరో రెండెకరాలు కౌలుకు తీసుకొని మా బాపు మిరప వేశారు. నారు మొదలు కోత కూలీల దాకా మిరపకు అడుగడుగునా డబ్బు కావాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు తెచ్చాము. నేను అప్పుడు ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పేవాణ్ణి, కరోనా తరువాత జీతం సగానికి పడిపోయింది. డిసెంబరులో తోట నిండా పూత ఉన్న సమయంలో నల్ల తామర పురుగు వచ్చింది. మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయి మీద మొదట కనిపించిన ఈ పురుగు, ఆ ఏడాది వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మిరప తోటల మీద విరుచుకుపడింది. ఇది పువ్వులో చేరి రసం పీలుస్తుంది కాబట్టి కాయ కట్టకముందే పూత రాలిపోతుంది. నాలుగు రోజులకొకసారి మందు కొట్టినా ఆగలేదు. ఆ సీజనులో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర బాగా పెరిగింది. మా దగ్గర మాత్రం తీసుకుపోవడానికి బస్తాలు లేవు.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, గుండె దడదడలాడేది. అప్పిచ్చినాయన ఫోను మోగితే చేతులు వణికేవి. దానికి తోడు ఈ దడతోనే నా గుండె పాడవుతుందన్న భయం పట్టుకుంది, నిజానికి నన్ను ఎక్కువగా కుంగదీసింది ఆ రెండో భయమే. పరీక్ష చేసిన వైద్యుడు, రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉందనీ నెలకోసారి చూపించుకోమనీ చెప్పి, ప్రమాదమో పెద్ద పనో ఎదురైనప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుందనీ, కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి చేరుతుందనీ, అదంతా ఒళ్లు పనికి సిద్ధమయ్యే తీరనీ వివరించారు.

తరువాత నేను చదివిన ఒక అధ్యయనం కూడా ఇదే దారిలో ఉంది. అమెరికాలో 1998లో సుమారు 30,000 మందిని ఒత్తిడి గురించి ప్రశ్నించి, 2006 దాకా వారిలో ఎవరెవరు మరణించారో చూసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. ఒత్తిడి ఎక్కువగా ఉండి, అది తమ ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీస్తోందని నమ్మినవారిలో అకాల మరణం ముప్పు 43 శాతం ఎక్కువగా కనిపించింది. అంతమాత్రాన నమ్మకమే చంపిందని చెప్పలేము, అప్పటికే జబ్బుతో ఉన్నవారు అలా నమ్మి ఉండవచ్చు. ఒత్తిడి మంచిదని ఈ లెక్క చూపించి ఉపన్యాసాలు ఇచ్చేవారు ఈ సంగతి చెప్పరు.

నాకు మార్పు తెలిసింది అప్పిచ్చినాయన ఇంటి గేటు ముందు. గుండె అదే తీరుగా కొట్టుకుంటోంది. పంట బాగున్న ఏడాది తెల్లవారకముందే బస్తాలతో ఎనుమాములకు వెళ్లి, జెండా పాట, అంటే ఆ రోజు తొలి వేలం ధర, ఎంత పలుకుతుందోనని నిలబడినప్పుడు కూడా ఇలాగే కొట్టుకునేదని హఠాత్తుగా గుర్తొచ్చింది. అప్పుడు దాన్ని హుషారు అనుకునేవాణ్ణి. దడ తగ్గాలని ఎదురుచూడకుండా లోపలికి వెళ్లాను. గొంతు వణుకుతూనే, వడ్డీ తగ్గించమనీ, అసలు రెండేళ్లలో వాయిదాలుగా కడతామనీ చెప్పాను. వడ్డీ రూపాయికి దించారు, గడువు మాత్రం ఏడాదిన్నరే ఇచ్చారు.

అక్కడికి వెళ్లే ధైర్యం ఒక్కడినే కూర్చుంటే వచ్చేది కాదు. "దాసుకుంటే కడుపుల మంటే గని అప్పు తగ్గుతదా?" అని మా అవ్వ అన్న రాత్రే, ఎవరికెంత ఇవ్వాలో అందరం కూర్చొని నోటుబుక్కులో రాసుకున్నాము. మొత్తం చూసినప్పుడు భయం పెరగలేదు, అంకె కదా, దానికి ఒక చివర ఉంది. రెండెకరాల్లో మిరప పీకేసి మొక్కజొన్న వేశాము. దానితో అప్పు తీరలేదు, యాసంగి ఇల్లు గడిచింది. మిగతాది నా జీతంలోంచి, కౌలు మానుకోవడంతో మిగిలిన డబ్బులోంచి 2023 చివరికి తీరింది. సానుకూల దృక్పథం ఒక్క రూపాయి కూడా కట్టలేదని గట్టిగా చెప్పగలను. ఫోను ఎత్తడానికీ గేటు దాటడానికీ మాత్రం అది పనికొచ్చింది.

నిద్ర వారాల తరబడి పోయినా, బతకాలని లేదనిపించినా దృక్పథం మార్చుకోమని చెప్పను. 14416 అనే టెలీ మానస్ ప్రభుత్వ నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ విషయానికొస్తే, పరీక్ష గదిలో ప్రశ్నపత్రం అందే ముందు వచ్చే దడను అణచాలని చూడకండి, దాని పని దాన్ని చేయనిచ్చి మొదటి ప్రశ్న చదవండి. ఈసారి ఎన్ని మార్కులు తక్కువ పడ్డాయో, చేతిలో ఎన్ని నెలల ఖర్చు మిగిలిందో ఈ రాత్రే ఒక కాగితం మీద రాయండి. రేపు ఇంటికి ఫోను చేసి ఆ రెండు అంకెలూ మీ వాళ్లకు చెప్పండి.