అమెరికాలోని ఇల్లినాయ్‌లో టీచర్ కోర్సుకు రాష్ట్రం ఇచ్చే మైనారిటీ టీచర్స్ స్కాలర్‌షిప్ మన పిల్లలకు వస్తుందా?

వస్తుంది. ఇక్కడ మైనారిటీ అంటే జాతి మైనారిటీ, ఆసియా మూలాలవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. సిటిజన్లతో పాటు గ్రీన్‌కార్డు ఉన్నవారూ అర్హులే. ఇల్లినాయ్ నివాసి అయి ఉండాలి, జీపీఏ 4కి కనీసం 2.5 ఉండాలి. ఏడాదికి గరిష్ఠంగా 7,500 డాలర్లు. మగ టీచర్లు తక్కువ కాబట్టి నిధిలో కొంత భాగాన్ని వాళ్లకే కేటాయిస్తారు.

అసలు మెలిక షరతులో ఉంది. డబ్బు తీసుకున్న ప్రతి ఏడాదికీ ఒక ఏడాది ఫుల్‌టైమ్‌గా బోధించాలి. అదీ ఇల్లినాయ్‌లోనే, మైనారిటీ విద్యార్థులు కనీసం 30 శాతం ఉన్న లాభాపేక్షలేని బడిలో. కోర్సు పూర్తయ్యాక ఏడాదిలోపు మొదలుపెట్టాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: పెళ్లయి టెక్సస్ వెళ్లిపోయినా, 30 శాతం లేని సబర్బన్ బడిలో చేరినా, గ్రాంటు కాస్తా వడ్డీతో కట్టాల్సిన అప్పుగా మారుతుంది. ఉద్యోగం ఆఫర్ ఒప్పుకునే ముందే ఆ బడిలో మైనారిటీ విద్యార్థుల శాతం ఎంతో అడిగి తెలుసుకోండి.

దరఖాస్తు ఏటా మళ్లీ పెట్టాలి. మార్చి 1 లోపు పంపితే ప్రాధాన్యం ఉంటుంది. నిధులు పరిమితం, ఆలస్యమైతే అర్హత ఉన్నా దక్కకపోవచ్చు.