అవధానం వీడియోను యంత్రం కుదించగలదా?

ప్రశ్న: మా సాహిత్య సంస్థ దగ్గర అష్టావధానాల వీడియోలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు మూడు గంటల నిడివి. డీప్ లెర్నింగ్‌తో వీడియోను దానంతటదే కుదించే ఒక ఉచిత ప్రోగ్రాముకు ఒకదాన్ని ఇచ్చి చూశాము. జ్యోతి ప్రజ్వలన, పూలదండలు, శాలువాలు, చప్పట్లు అన్నీ వచ్చాయి గానీ పూర్తి పద్యం ఒక్కటీ రాలేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: లోపం మీ వీడియోలో లేదు, మీరు వాడిన తీరులోనూ లేదు. ఆ ప్రోగ్రాము నేర్చిన చదువే వేరు. ఇటువంటి పద్ధతులు సాధారణంగా సెకనుకు రెండు చిత్రాల చొప్పున వీడియో నుంచి తీసుకుంటాయి. మూడు గంటలకు అవి 21,600 అవుతాయి. ఫొటోలను గుర్తించడంలో ముందే శిక్షణ పొందిన ఒక న్యూరల్ నెట్‌వర్కు (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాము) ఒక్కో చిత్రాన్ని 1,024 అంకెల వరుసగా మారుస్తుంది. 2016లో వచ్చిన ఒక ప్రసిద్ధ పద్ధతిలో, వరుసలో ముందు చూసినదాన్ని గుర్తుంచుకునే ఎల్‌ఎస్‌టీఎం అనే మరో నెట్‌వర్కు ఆ వరుసలను మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ చదివి, ఏ చిత్రానికి ఎంత ప్రాధాన్యమో మార్కులు వేస్తుంది. ఆపైన దృశ్యం మారిన చోటల్లా వీడియోను ముక్కలు చేసి, మొత్తం నిడివిలో 15 శాతం మించకుండా ఎక్కువ మార్కులు కూడే ముక్కలను ఏరుతారు. మీ వీడియోకు అది 27 నిమిషాలు.

ఆ మార్కులు వేయడం అది ఎక్కడ నేర్చిందన్నదే అసలు సంగతి. పరిశోధకులు విస్తారంగా వాడే టీవీసమ్ అనే సంకలనం 2015లో వెలువడింది. అందులో 50 వీడియోలున్నాయి: బండి టైరు మార్చడం, తేనెటీగల పెంపకం, శాండ్‌విచ్ తయారీ, కుక్కల ప్రదర్శన, ఊరేగింపు వంటివి. ఒక్కో వీడియోకు 20 మంది చేత మార్కులు వేయించారు. అలాంటి వాటితో తర్ఫీదు పొందిన యంత్రానికి అవధాన సభ కొత్త. మనుషుల మార్కులు లేకుండానే నేర్చుకునే పద్ధతి ఒకటి 2018లో వచ్చింది. ఏరిన చిత్రాలు ఒకదానికొకటి ఎంత భిన్నంగా ఉంటే, మొత్తం వీడియోకు ఎంత చక్కగా ప్రాతినిధ్యం వహిస్తే ఆ పద్ధతి యంత్రానికి అంత ఎక్కువ బహుమానం (మార్కులు) ఇస్తుంది. మీ వీడియోలో అవధాని, పృచ్ఛకులు (ప్రశ్నలడిగేవారు) కూర్చున్న దృశ్యం గంటల తరబడి మారదు. దండ వేసినప్పుడో శాలువా కప్పినప్పుడో మాత్రమే మారుతుంది. యంత్రం కంటికి విశేషం అదే.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాల్లో పద్యం ఒకచోట ఉండదు. ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పూర్తయి, చివర ధారణలో (పద్యాలన్నీ జ్ఞాపకం నుంచి అప్పజెప్పడంలో) మాత్రమే ఏకంగా వినిపిస్తుంది. పృచ్ఛకుడు ఇచ్చిన నాలుగు పదాలేవో తెలియకుండా దత్తపది పద్యం విన్నవారికి అందులోని నేర్పు అందదు. మొదటి గంటలోని ప్రశ్ననూ మూడో గంటలోని ధారణనూ ముడిపెట్టడం దృశ్యాలకు మార్కులు వేసే యంత్రానికి సాధ్యం కాదు. కవులు దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి గార్ల ఊరు మీది. అక్కడ పద్యం లేని అవధాన సారాంశం తయారవడం నాకూ బాధగానే ఉంది.

కాబట్టి దృశ్యాన్ని వదిలి శబ్దాన్ని పట్టుకోండి. 2022లో ఓపెన్‌ఏఐ సంస్థ అందరికీ విడుదల చేసిన విస్పర్ అనే ప్రోగ్రాము తెలుగు మాటలను సమయంతో సహా అక్షరాల్లో పెడుతుంది. రాగయుక్తంగా చదివిన పద్యాన్ని తప్పుల్లేకుండా రాస్తుందని ఆశించవద్దు. "సమస్య", "దత్తపది", "ధారణ" అన్న మాటలు ఏ నిమిషంలో వచ్చాయో దొరికితే చాలు. ఒక్కో అంశానికి పృచ్ఛకుడి ప్రశ్నను, దాని పక్కనే ధారణలోని పద్యాన్ని చేర్చండి. నిషిద్ధాక్షరిలో ధారణ ఒక్కటే సరిపోదు. అక్షరమక్షరానికీ జరిగే నిషేధం కనిపించేలా ఒక పాదమైనా కోత లేకుండా ఉంచండి. అప్రస్తుత ప్రసంగంలో (చమత్కారపు ప్రశ్నలతో అవధానికి అడ్డుతగిలే అంశంలో) నవ్వుల శబ్దాన్ని యంత్రం బాగానే పసిగడుతుంది, అయితే నవ్వు జవాబు తర్వాత వస్తుంది గనుక ముక్కను ప్రశ్న దగ్గరి నుంచే మొదలుపెట్టాలి. చివరి ఏరివేత మాత్రం ఛందస్సు తెలిసిన మనిషి చేతిలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టుగా ఇదే విషయం తీసుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. వీలవుతుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: వీలవుతుంది. టీవీసమ్ చిత్రాలను ముందే అంకెలుగా మార్చిన ఫైళ్లను పరిశోధకులు ఉచితంగా అందుబాటులో ఉంచారు. శ్రమంతా ఆ మార్చడంలోనే ఉంది గనుక, 50 వీడియోలతో చిన్న నెట్‌వర్కుకు శిక్షణ ఇవ్వడానికి మామూలు కంప్యూటరు చాలు. యంత్రం ఏరినవి మనుషులు ఏరినవాటితో ఎంత కలిశాయో కొలిచే ఎఫ్-స్కోరును మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. లాటరీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఏరిన ముక్కలకు కూడా ఇంచుమించు అంతే స్కోరు వస్తుందని 2019లో ఒక పరిశోధన చూపించింది. మీ పద్ధతి స్కోరు పక్కనే అలా ఏరినదాని స్కోరును కూడా పట్టికలో చూపండి. పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.