అమెరికా సైన్యంలో పనిచేసిన వ్యక్తి రికార్డులో పతకం నమోదు కాలేదు. ఎలా సరిచేయించాలి?

డిశ్చార్జి కాగితం డీడీ-214లో పతకం కనబడలేదని నేరుగా రికార్డుల సవరణ బోర్డుకెక్కకండి. ముందు సైనిక రికార్డుల కోసం అడిగే ఎస్ఎఫ్-180 ఫారం నింపి, ఆ రికార్డులు దాచే సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కు పంపండి. అర్హత తేలితే పాత కాగితాన్ని తిరగరాయరు, సవరణను డీడీ-215 అనే విడి కాగితంగా ఇస్తారు. రెండూ కలిపి దాచుకోవాలి.

అసలు టెన్షన్ పాత ఆర్మీ ఫైళ్లతోనే. 1973 జులైలో ఆ సెంటర్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, 1912–1960 మధ్య డిశ్చార్జి అయిన ఆర్మీవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. అలాంటప్పుడు ఇంట్లో పాత ట్రంకుపెట్టె వెతకడమే మేలు. పతకం ఇస్తూ జారీ చేసిన ఆర్డరు కాపీ ఒక్కటి దొరికినా సగం పని అయినట్టే. యుద్ధంలో గాయపడినవారికి, చనిపోయినవారికి ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం అయితే శత్రువు వల్లే గాయమైందనీ, దానికి చికిత్స జరిగిందనీ రుజువు కావాలి. "తాతయ్య చెప్పేవారు" అంటే సరిపోదు.

సెంటర్ కాదంటే డీడీ-149 ఫారంతో, ఆయన పనిచేసిన దళం రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లాలి. తప్పు బయటపడిన 3 ఏళ్లలోపు అడగాలన్నది నియమం. గడువు దాటినా, న్యాయమనిపిస్తే బోర్డు మినహాయింపు ఇవ్వగలదు కాబట్టి ఆలస్యానికి కారణం రాసి పంపండి. ఆయన చనిపోయి ఉంటే భార్యాపిల్లలు మరణ ధ్రువపత్రం జతచేసి అడగవచ్చు.